పెద్ద మాస్టరు కొలతలు

అన్నయ్య ప్యాంటు వెనక కుట్టు విప్పేసరికి లోపల, అస్తరు కింద, ఆసుపత్రి మంచాల మీద పరిచే రబ్బరు గుడ్డ బయటపడింది.

చిన్న మాస్టరు చేతిలో బ్లేడు అలాగే ఆగిపోయింది.

అంతవరకూ అతను చేస్తున్నది రోజూ చేసే పనే. మధ్యాహ్నం వేళ, టైలరు దుకాణంలో ఇంకెవరూ లేరు. దారాలూ గుండీలూ తేవడానికి అన్నయ్య, అందరికీ పెద్ద మాస్టరు, బజారుకు వెళ్ళాడు. కటింగ్ బల్ల వెనక మేకుకి ఆయన ప్యాంటు ఒకటి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. దాని సీటు దగ్గర కుట్టు కాస్త వదిలినట్టు కనిపించింది. ఆయన వచ్చేలోగా సరిచేసి పెడదామని దించాడు. ముడత పోవడానికి ఇస్త్రీపెట్టె ఆనించగానే కమురు వాసన గుప్పుమంది. నూలు కాలితే ఎలా ఉంటుందో, ఊలు కాలితే ఎలా ఉంటుందో అతని ముక్కుకి బాగా తెలుసు. ఇది ఆ రెండూ కాదు. సైకిలు ట్యూబు కాలిన వాసన.

అందుకే విప్పాడు.

రబ్బరు ముక్క మీద మెత్తటి తువ్వాలు గుడ్డ, మడత మీద మడత వేసి కుట్టి ఉంది. ఉతికి ఉతికి గరుకెక్కిన గుడ్డ. బయటికి ఒక్క దారప్పోగు కనిపించకుండా చేత్తో వేసిన కుట్టు. ఆ కుట్టు ఎవరిదో కళ్ళు మూసుకుని వేలితో తడిమినా చెప్పగలడు. తనకు సూది పట్టుకోవడం నేర్పింది ఆ చెయ్యే.

కొన్నాళ్ళ కిందట అయితే, ఇదేం చోద్యం అనుకుని మళ్ళీ కుట్టేసి ఊరుకునేవాడు. ఇప్పుడలా ఊరుకోవడానికి లేదు. ఒక మగవాడి ప్యాంటులో, సరిగ్గా ఈ చోట, ఇలాంటి మడత ఎందుకు అవసరమవుతుందో ఈ మధ్యనే ఒక చల్లటి గదిలో కూర్చోబెట్టి డాక్టరమ్మ అతనికి బొమ్మ గీసి మరీ చెప్పింది.

మొదట అదంతా చిన్న విషయంలాగే మొదలైంది. నిద్రలో మాటిమాటికీ లేవాల్సి రావడం. అరవై దగ్గర పడుతోంది కదా, వయసు అనుకున్నాడు. దుకాణంలో కాజాలూ గుండీలూ కుట్టే ఆవిడని అందరూ కాజాలమ్మ అంటారు. చిన్న మాస్టరు మంచం బాత్రూములో వేయించుకుంటే చెప్పుల అరుగుదలైనా తగ్గుతుందని ఆవిడ ఆటపట్టించేది. చివరికి భార్య పోరు పడలేక రక్తపరీక్ష చేయించుకున్నాడు. అందులో ఒక అంకె ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ వచ్చింది. ఆ తర్వాత స్కానింగు, ముక్క తీసి పరీక్ష, ఎముకల స్కానింగు. ఒక తలుపు తెరిస్తే దాని వెనక ఇంకో తలుపు.

ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరు.

ఆ మాట విన్న రోజు భార్యతో పాటు అన్నయ్య కూడా వెంట వచ్చాడు. గదిలో కుర్చీలు చాలకపోతే ఆయన మూలనున్న ఇనప స్టూలు లాక్కుని కూర్చున్నాడు. డాక్టరమ్మ తెల్లకాగితం మీద నిమ్మకాయంత గ్రంథి గీసి, అందులో ఒక పక్కన పెన్నుతో నల్లగా దిద్దింది. నలుపు గోడను తాకింది. ఒకచోట గోడ దాటి కాస్త బయటికి పొడుచుకొచ్చింది. ఎముకల్లోకి పోలేదు, అది మన అదృష్టం అంది. ఏళ్ళ ముందే దొరికి ఉంటే ఏ వైద్యమూ లేకుండా పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉండేవాళ్ళం, ఇప్పుడు ఆ అవకాశం దాటిపోయింది అని కూడా అంది. ఆ రెండో మాట చిన్న మాస్టరు చెవిలో పడింది కానీ అప్పటికి లోపలికి దిగలేదు.

మిగిలినవి రెండు దారులు. ఒకటి ఆపరేషన్. గ్రంథిని మొత్తంగా తీసేస్తారు. తర్వాత కొన్నాళ్ళు మూత్రం పట్టు తప్పి, దగ్గినా తుమ్మినా కారిపోతుంది. చాలామందికి నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి ఎప్పటికీ సర్దుకోదు. గోడ దాటింది కాబట్టి తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, కూడా పెట్టాల్సి రావచ్చు. రెండోది మొదటే కరెంటు పెట్టడం. వారాల తరబడి రోజూ వెళ్ళి ఆ మిషను కింద పడుకోవాలి. దానితో పాటు మగ హార్మోనును అణిచే ఇంజెక్షన్లు, చాలాకాలం. నీరసం, ఒంట్లో సెగలు, ఎముకలు డొల్లబారడం. ఏ దారిన వెళ్ళినా ఆలుమగల మధ్య మునుపటిలా ఉండకపోవచ్చు. ఆ మాట దగ్గర డాక్టరమ్మ గొంతేమీ తగ్గించలేదు. అతని భార్య మాత్రం చేతిసంచి జిప్పు తెరిచి మూసింది, మళ్ళీ తెరిచింది.

రెండిట్లో ఏది మేలో చెప్పమని అతను అడిగితే, రెండూ దాదాపు ఒకే ఒడ్డుకి చేరుస్తాయి, ఏ బరువు మోయగలరో మీరే తేల్చుకుని సోమవారం చెప్పండి అంది. చివర్లో, కాగితం మడుస్తూ, ఇంకో ప్రశ్న అడిగింది. ఇంట్లో మరెవరికైనా ఈ జబ్బు వచ్చిందా? తండ్రికి? అన్నదమ్ములకి?

నాన్న నడుం నొప్పని మంచం పట్టి అలాగే పోయారని, అది ఏ జబ్బో అప్పట్లో ఎవరూ పరీక్ష చేయించలేదని చెప్పాడు చిన్న మాస్టరు. డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టింది.

"ఇక అన్నయ్య అంటారా, ఇదిగో మీ ఎదురుగానే ఉన్నాడు. గుండ్రాయి," అని పక్కనున్న భుజం తట్టాడు. ఆ రోజు మొత్తం మీద అతను నవ్వింది అప్పుడొక్కసారే.

డాక్టరమ్మ ఆయన వైపు చూసింది. అన్నయ్య తన చొక్కా చేతి అంచున వేలాడుతున్న దారప్పోగు ఒకటి పట్టుకుని లాగుతున్నాడు. లాగుతూనే తల అడ్డంగా ఊపాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒక పోరు, దుకాణంలో ఒక పోరు. భార్య ఆపరేషన్ వైపు. దాన్ని ఒంట్లో పెట్టుకుని మీరు నిద్రపోతారేమో, నాకు కన్ను మూతపడదు అంది. తడవడం సంగతి ఎత్తితే, మీ బట్టలు ఉతకడం నాకేమన్నా కొత్తా అని కొట్టిపారేసింది. ఇక పడగ్గది సంగతి అతను నసుగుతూ ఎత్తబోతే, ఇన్నేళ్ళ కాపురంలో మీ గురక భరించాను, అంతకంటే కష్టమా అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి చాలాసేపు అలా పోతూనే ఉంది. ఆ నీళ్ళ చప్పుడు కింద ఆమె ఏడుస్తోందని అతనికి తెలుసు. అయినా లేచి వెళ్ళలేదు.

అన్నయ్యది ఇంకో పట్టు. "కోయించుకోకురా. కరెంటు పెట్టించుకో." ఎందుకంటే మాత్రం చెప్పడు. గుడ్డ మీద కత్తెర పెట్టేముందే అంత ఆలోచిస్తాం, ఒంటి మీద పెట్టేముందు ఆలోచించవా అంటాడు. ఇంకా గుచ్చి అడిగితే మిషను తొక్కడం మొదలెడతాడు, మాట వినపడకుండా.

చిన్న మాస్టరు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అన్నయ్య గీసిన సుద్దగీత మీదే కత్తెర నడిపాడు. బడి మానడం, మిషను ఎక్కడం, పెళ్ళి, ఇల్లు, అన్నీ ఆయన చెప్పినట్టే. ఈసారి కూడా మనసు ముప్పాతిక వంతు ఆయన మాటకే ఒరిగింది. సోమవారం వెళ్ళి కరెంటుకే సరేనందామని ఆ పొద్దున్నే అనుకున్నాడు. ఇంతలో ఈ రబ్బరు గుడ్డ.

ఆ దుకాణంలో నాన్న పెట్టిపోయిన పద్ధతి ఒకటుంది. టైలరు తన కొలతలు తాను తీసుకోకూడదు. అన్న బట్టలు తమ్ముడు కొలిచి కుట్టాలి, తమ్ముడి బట్టలు అన్న. వంగి తన నడుం తానే చూసుకునేవాడి చేతిలో టేపు జారుతుంది. పైగా ఎంత నిజాయితీపరుడైనా తనను తాను కొలుచుకునేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకుంటాడు అనేవాడు నాన్న. నాన్న పోయాక కూడా ఆ పద్ధతి నడిచింది. కొత్త బట్ట తీసుకున్నప్పుడల్లా అన్నదమ్ములు ఒకరి ముందొకరు నిలబడేవారు. నీ నడుం కొలవడానికి ఇంకో టేపు అతికించాలిరా అని అన్నయ్య, నీ కాళ్ళకి పిల్లల నిక్కరు చాలన్నయ్యా అని తమ్ముడు. కాజాలమ్మకి ఆ వేళ కావలసినంత కాలక్షేపం.

ఆ పద్ధతి తప్పింది అన్నయ్యే. కొన్నేళ్ళ కిందట హెర్నియా ఆపరేషన్ అని చెప్పి, వదినని వెంటబెట్టుకుని వేరే ఊరు వెళ్ళి, సగం మనిషై తిరిగొచ్చాడు. పాత ప్యాంట్లు జారిపోతున్నాయి. చిన్న మాస్టరు టేపు తీసుకుని లోపలి కాలి కొలత కోసం ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఉన్నట్టుండి అన్నయ్య టేపు లాగేసుకున్నాడు.

"నీకు సీటు కోయడం ఎప్పుడొచ్చిందిరా? ఇకనుంచి నావి నేనే కుట్టుకుంటా."

కాజాలమ్మ వింటుండగా. గిరాకీలు చూస్తుండగా.

ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది. అప్పటినుంచి ప్యాంటు గుడ్డ మీద సీటు వంపు గీసే ప్రతిసారీ అతని సుద్ద ఒక క్షణం ఆగేది. ఇన్నేళ్ళలో వెయ్యిమంది నడిచిపోయారు ఆ వంపు తొడుక్కుని, ఒక్కడూ బాగాలేదనలేదు. అయినా ఆగేది.

ఇప్పుడు, విప్పిన కుట్టు ముందు నిలబడితే, ఆ ముల్లు కదిలింది.

ఆలోచన వాసన పట్టిన కుక్కలా పరిగెత్తింది. అన్నయ్య లేతరంగు ప్యాంటు తొడిగి ఎన్నాళ్ళయింది? రోజంతా టీ మీద బతికే మనిషి, గ్యాసు అంటూ టీ ఎందుకు మానేశాడు? బంధువుల ఇళ్ళకి బస్సులో పోవాలంటే ఏదో ఒక వంక ఎందుకు? తుమ్ము వచ్చినప్పుడు బల్ల అంచు ఎందుకు పట్టుకుంటాడు? కాజాలమ్మ జోకు వేస్తే కడుపు పట్టుకుని పొర్లి నవ్వేవాడు, ఇప్పుడు పెదాలు బిగించి నవ్వుతాడేం? మేకుకి ఎప్పుడూ ఒక ప్యాంటు సిద్ధంగా ఎందుకు?

అన్నీ ఒకే చోటికి వచ్చి ఆగాయి. హెర్నియా కాదు. తనకు వచ్చినదే ఆయనకూ వచ్చింది. ఆయనకి ముందే వచ్చింది.

ఏళ్ళ ముందే దొరికి ఉంటే అన్న డాక్టరమ్మ మాట అప్పుడు దిగింది లోపలికి. 

బయట అన్నయ్య చెప్పుల చప్పుడు వినపడేలోగా కుట్టు మళ్ళీ వేసేశాడు. రంగు కలిసిన దారమే, అదే రకం కుట్టే. కానీ చెయ్యి వేరు. చూస్తే అన్నయ్య ఇట్టే పట్టేస్తాడు. పట్టేయాలనే ఆ తేడా దాచడానికి తను ప్రయత్నించలేదేమో కూడా.

గుండీల పొట్లం బల్ల మీద పెట్టి అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. ఎండ గురించి, దారాల కొట్టువాడి మతిమరుపు గురించి ఏదో చెబుతున్నాడు. చిన్న మాస్టరు మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు.

"ఒకసారి లేచి నిలబడు అన్నయ్యా. లేత బూడిదరంగు గుడ్డ మంచిదొచ్చింది. నీకు ప్యాంటు కుడతా."

"నీ పరీక్షల గొడవ నీకుంది. మధ్యలో నా ప్యాంటేమిట్రా?"

"నాన్న పెట్టిన పద్ధతి."

"నాన్న పోయాడు," అన్నాడు అన్నయ్య నవ్వుతూ, మేకు మీది ప్యాంటు అందుకోబోతూ. వేళ్ళు కుట్టు మీద ఆగాయి. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, దించడం మరిచిపోయిన దుకాణం బోర్డులాగా. కుట్టు వెంట వేలు ఒకసారి అటు నడిపాడు, ఒకసారి ఇటు నడిపాడు. తర్వాత ప్యాంటు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

కళ్ళు లాగుతున్నాయి, ఇంటికి వెళ్తానన్నాడు. గడప దగ్గర, వెనక్కి తిరక్కుండానే, సోమవారం ఆసుపత్రికి తను రాలేనని, నువ్వూ అమ్మాయీ వెళ్ళిరండని అన్నాడు. తమ్ముడి భార్యని ఆయన అమ్మాయి అనే అంటాడు.

మర్నాడు ఆదివారం. అన్నయ్య పొద్దున్నే నడకకు వెళ్తాడని తెలిసి, ఆ వేళకే చిన్న మాస్టరు వాళ్ళింటికి వెళ్ళాడు. వదిన పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ముందు తీగ మీద దుప్పట్లు. వాటి వెనక, వీధికి కనపడకుండా, దళసరి గుడ్డ చతురస్రాలు వరసగా. అతను వాటిని చూశాడు. అతను చూడటం వదిన చూసింది. తడి దుప్పటి ఒకటి వాటి మీదికి లాగబోయి, చెయ్యి దించేసింది.

"అన్నయ్యకి అప్పుడు చేసింది హెర్నియాకేనా వదినా?"

"నన్నడక్కు బాబూ. నా చేత ఒట్టు వేయించుకున్నారు."

"ఎవరి మీద?"

వదిన బక్కెట్టు కింద పెట్టింది. "నీ మీద."

 దుప్పట్ల అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నోరు విప్పకపోతే నువ్వు చల్లగా ఉంటావనుకున్నా," అంది చివరికి. "విప్పలేదు కదా. ఒక్కసారి కూడా విప్పలేదు. మరి నీకెందుకొచ్చింది?"

అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి అతనికి.  ఇప్పుడు అన్నయ్య బాగానే ఉన్నాడా అని మాత్రం అడిగాడు. పరీక్షల్లో మచ్చ లేదు, ఆ తడి ఒక్కటే ఇన్నాళ్ళయినా పోలేదు అంటూ నోరు జారి, వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వీధిలో పడ్డాక కోపం వచ్చింది. అంత కోపం తనలో ఉందని అతనికే తెలియదు. ఒక్క మాట. ఒక్కసారి, మిషను తొక్కుతూ అయినా సరే, ఒరేయ్ ఒకసారి రక్తం చూపించుకోరా అని ఉంటే చాలు. అప్పటికి తన ఒంట్లో అది ఆవగింజంత ఉండి ఉండేది. ఈ ఆపరేషనూ ఈ కరెంటూ ఏదీ లేకుండా పోయేదేమో. అన్నయ్య నడకకు వెళ్ళే పార్కు వైపు గబగబా నడిచాడు. కాలరు పట్టుకుని అందరిలోనూ అడుగుదామనుకున్నాడు. ఆ రోజు తనను అందరిలోనే కదా అన్నాడు.

అన్నయ్య నడవడం లేదు. మరుగుదొడ్డికి దగ్గరగా ఉన్న బెంచీ మీద, ఒక చివర కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక ముసలాయన ఏదో హాస్యం చెబుతున్నట్టున్నాడు, అన్నయ్య పెదాలు బిగించి తల ఊపుతున్నాడు. అంతలో ఆయనకి దగ్గు తెర వచ్చింది. తగ్గాక కొంచెంసేపు కదలకుండా కూర్చున్నాడు. ముసలాయన వెళ్ళిపోయేదాకా ఆగి, లేచి, వెనక్కి తిరిగి బెంచీ వంక చూశాడు. జేబురుమాలు తీసి పలక తుడిచాడు. తుడిచి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ తల తిప్పాడు. దొంగతనం చేసిన పిల్లాడు అలా తిప్పుతాడు తల.

చిన్న మాస్టరు చెట్టు వెనక్కి తప్పుకున్నాడు. చూసినవాడు తానని అన్నయ్యకి తెలియకూడదనిపించింది. కోపం పోలేదు. కానీ దాన్ని పట్టుకుని ముందుకు నడవడం చేతకాలేదు. వచ్చిన దారినే ఇంటికి పోయాడు.

సోమవారం. అదే గది, అదే చల్లదనం. భార్యా అతనూ కూర్చున్నారో లేదో తలుపు తెరుచుకుంది. అన్నయ్య. రానన్న మనిషి వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా మూలనున్న ఇనప స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఒంటి మీద అదే ప్యాంటు, తమ్ముడు వేసిన కుట్టుతోనే.

ఏం నిర్ణయించుకున్నారని డాక్టరమ్మ అడిగింది.

"ఆపరేషన్ చేయించుకుంటానమ్మా."

పక్కన భార్య ఊపిరి వదలడం వినిపించింది. స్టూలు కిర్రుమంది. డాక్టరమ్మ తొందరపడలేదు. తడి సంగతి గుర్తుందా, కొందరికి అది ఎప్పటికీ ఆగదని చెప్పాను కదా, బాగా ఆలోచించుకునే అంటున్నారా అని మళ్ళీ అడిగింది.

"ఆలోచించుకున్నానమ్మా. అలా ఏళ్ళ తరబడి తడిసిన బట్టతోనే పని చేసి, దుకాణం నడిపి, ఇంటిని మోసిన మనిషిని చూశాను. అది ఎంత నరకమో కూడా నిన్న చూశాను. అయినా ఆ మనిషి ఉన్నాడు. రోజూ పొద్దున్నే వచ్చి తాళం తీస్తున్నాడు. నాకది చాలు."

"ఎవరాయన? మీకు బాగా తెలిసినవారా?"

చిన్న మాస్టరు అన్నయ్య వైపు తల తిప్పలేదు.  డాక్టరమ్మ గీసిన బొమ్మ బల్ల మీదే ఉంది. దాని అంచు మడిచి, గోటితో మడత నొక్కుతూ కూర్చున్నాడు.

స్టూలు వెనక్కి జరిగిన చప్పుడయింది. అన్నయ్య లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ పక్కలకి వదిలేసి, కొలతలిచ్చేవాడిలా తిన్నగా నిలబడ్డాడు.

"నేనమ్మా," అన్నాడు. "ఆ రోజు మీరడిగారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. నేను తల అడ్డంగా ఊపాను. అబద్ధం. నాకుంది. నాకు తీసేశారు. హెర్నియా అని ఊరందరికీ చెప్పాను, వీడికీ అదే చెప్పాను.

"ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు అక్కడి డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. మీకు తమ్ముడున్నాడన్నారు కదా, ఇది ఇంటి రక్తంలో నడిచే జబ్బు కావచ్చు, అతన్ని ఏటేటా పరీక్ష చేయించుకోమనండి అని. బస్సులో దారంతా అదే అనుకుంటూ వచ్చాను. దుకాణంలో అడుగు పెట్టగానే చెప్పేద్దామనుకున్నా. అడుగు పెట్టగానే వీడు, చిక్కిపోయావన్నయ్యా అంటూ టేపు పట్టుకుని నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే తడిసింది. వీడి చేతికి తగులుతుందేమోనని పైప్రాణాలు పైనే పోయాయి. టేపు లాక్కున్నా. నీకు సీటు కోయడం రాదన్నా. నా కంటే బాగా కోస్తాడమ్మా వీడు. ఆ మాట ఇన్నేళ్ళూ వీడితో అనలేదు. అది అంటే మిగతాదీ చెప్పాలి కదా.

"రేపు చెబుదామనుకున్నా. వీడి కొడుకు పెళ్ళయ్యాక చెబుదామనుకున్నా. తర్వాత, ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు, వీడికి రాదులే అనుకున్నా. అలా అనుకోవడం చాలా సులువమ్మా. వీడు నిద్రలో లేస్తున్నాడని కాజాలమ్మ నవ్వుతూ చెప్పిన రోజు నాకు అర్థమైపోయింది. అప్పుడైనా నోరు తెరవాలా వద్దా? తెరవలేదు. మా ఆవిడ చెబుతుందేమోనని మొదట్లోనే దాని చేత వీడి మీదే ఒట్టు వేయించాను. ఇదిగో, ఈ స్టూలు మీదే కూర్చుని, ముందే దొరికి ఉంటే అని మీరంటుంటే విన్నా. వీడి దగ్గర్నుంచి ఆ ఏళ్ళన్నీ ఎత్తుకుపోయింది నేను. దొంగని పక్కన కూర్చోబెట్టుకుని వీడు భుజం తట్టాడు.

"కోయించుకోవద్దని పోరు పెట్టింది వీడి మీద ప్రేమతోనే అని వీడు అనుకుని ఉంటాడు. కొంత ప్రేమే. నా బతుకు వీడికి వద్దనుకున్నా. కానీ వీడూ నాలాగే తడిస్తే, ఆ మర్నాడే నా ప్యాంటు కేసి చూసి అంతా తెలుసుకుంటాడు. ఆ భయం కూడా ఉంది. నా గుట్టు దాచుకోవడానికి వీడి వైద్యం మార్చబోయా. ఆ ఆపరేషన్ వల్లే ఇవాళ ఇలా నిలబడి ఉన్నానని ఒక్కసారైనా చెప్పానా? చెప్పలేదు.

"అమ్మాయ్, నన్ను ఏమన్నా అను, పడతా. ఒరేయ్, మొన్న నువ్వు టేపు తీసి నిలబడమన్నప్పుడు నిలబడాల్సింది. ఇప్పుడు నిలబడ్డాను. ఇటు చూడు, లేకపోతే చూడకు, నీ ఇష్టం. డాక్టరమ్మా, ముందు మీరు ఆ రోజు రాసుకున్నది కొట్టేయండి. అన్నకి ఉంది, తెలిసీ దాచాడు అని రాయండి."